మెకానిక్ బిల్లు న్యాయమైనదేనా? – ఒక పరిశీలన

వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, జ్ఞాపకాలు ఎలాగూ ఉంటాయి. మేము మాత్రం ఒక లెక్క గురించి రాయదలిచాము.

హాస్టల్ వదిలిన వాళ్ళలో చాలామందికి ఇప్పుడు బండి ఉంది. ఒకరు గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి చేల వెంట స్ప్లెండర్ మీద తిరుగుతున్నారు. ఒకరు వనపర్తిలో ఆటో నడుపుతున్నారు. ఒకరు నాగర్‌కర్నూల్‌లో సెకండ్ హ్యాండ్ డిజైర్ తీసుకుని శ్రీశైలం కిరాయిలు కొడుతున్నారు. స్కూటీ మీద డ్యూటీకి పోయే అక్కలూ ఉన్నారు. వీళ్ళలో ఎక్కువమందికి ఆ బండి ఇంట్లో మొదటి బండి. దాని కిస్తీ కట్టాక మిగిలేదే ఇంటి ఖర్చు. సర్వీసింగుకు అనుకున్నదానికంటే ఐదు వేలు ఎక్కువైతే అది ఎవరిదో ఒకరి ఫీజు మీద పడుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చేసి సొంతంగా షెడ్డు పెట్టుకున్నవాళ్ళు కూడా మనవాళ్ళే. బిల్లు రాసే చెయ్యి మనదే, కట్టే చెయ్యి మనదే. కాబట్టి "మెకానిక్‌లంతా దోచుకునేటోళ్ళే" అనే మాటతో మేము మొదలుపెట్టలేము. ఆ మాట నిజం కూడా కాదు.

మెస్ కమిటీ పద్ధతి

హాస్టల్‌లో మెస్ కమిటీ పని ఎలా చేశామో గుర్తు తెచ్చుకోండి. కూరగాయలు దిగినప్పుడు మనం చూసేవి మూడు. ఈ సరుకు మెనూలో ఉందా? రాసినంత తూకం వచ్చిందా? రేటు సరైనదేనా? ఈ మూడూ చూశాకే స్టాక్ రిజిస్టర్‌లో సంతకం. బియ్యం బస్తాను కాంటా మీద పెట్టించిన మనమే గ్యారేజీకి వెళ్ళేసరికి ఒక్క మాట మాట్లాడము. కింద రాసిన మొత్తం చూసి, "ఎంతో కొంత తగ్గించు అన్నా" అని అడిగి, రెండు వందలు తగ్గితే సంతోషంగా వచ్చేస్తాము.

గ్యారేజీలో కూడా ఆ మూడు ప్రశ్నలే అడగాలి. ఈ పని బండికి అవసరమా? రాసినంత సరుకు నిజంగా పడిందా? రేటు సరైనదేనా? మనం ఎప్పుడూ మూడోదానితో మొదలుపెట్టి దానితోనే ముగిస్తాము. మేము చూసినంతవరకు డబ్బు ఎక్కువగా పోయేది మాత్రం మొదటిదాని దగ్గర.

దీనికి కారణాన్ని అర్థశాస్త్రంలో చెప్పారు. 1973లో మైకేల్ డార్బీ, ఎడీ కర్ని అనే ఇద్దరు ఒక వ్యాసంలో ఇటువంటి సేవల గురించి రాశారు. టమాటా కొంటే కుళ్ళిందో లేదో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. రిపేరు అలా కాదు. ఇంజెక్టర్ క్లీన్ చేయడం అవసరమా కాదా అన్నది చేసే ముందు తెలియదు, చేశాక కూడా తెలియదు. ఏమి చేయాలో చెప్పేదీ, చేసి డబ్బు తీసుకునేదీ ఒకే మనిషి. డాక్టరు దగ్గర, మెకానిక్ దగ్గర మనం కొనేది ఒక రకంగా నమ్మకాన్నే.

ఒక బిల్లును విప్పి చూద్దాం

మా సీనియర్ ఒకన్న డిజైర్ పెట్రోలు కారును 60,000 కిలోమీటర్ల సర్వీసుకు ఒక పెద్ద వర్క్‌షాపులో ఇచ్చాడు. పేరు ఇక్కడ అవసరం లేదు. బిల్లు 12,800 రూపాయలు అయింది. లేబర్ 1,900 అని రాస్తే, గట్టిగా బేరమాడి 1,600 చేయించుకున్నాడు. 300 తగ్గిందని సంబరపడ్డాడు. తర్వాత ఒక ఆదివారం మేము కూర్చుని ఆ బిల్లును వరుసగా చదివాము.

అందులో ఉన్నవి ఇవి: ఇంజిన్ ఆయిల్ 4 లీటర్లు 1,800, ఆయిల్ ఫిల్టర్ 120, ఎయిర్ ఫిల్టర్ 330, ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు 2,150, కూలెంట్ 700, వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 950, ఇంజిన్ ఫ్లష్ 650, ఇంజెక్టర్ క్లీనింగ్ 1,200, ఏసీ శానిటైజింగ్ 900, అండర్ బాడీ కోటింగ్ 2,400, లేబర్ 1,600.

ముందు బ్రేక్ ప్యాడ్ల సంగతి. బిల్లులో పెద్ద అంకె కనబడగానే అనుమానం దాని మీదకే పోతుంది. కానీ మా అన్న నెలకు ఎన్నోసార్లు మన్ననూరు దాటి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా పాతాళగంగ వంతెన దాకా ఘాట్ దిగుతాడు. ఆ దిగుడులో బ్రేకులు ఎంత కాలతాయో వాసనే చెబుతుంది. పైగా పాత ప్యాడ్లు ఆయన అడిగి తెచ్చుకున్నాడు. మందం రెండు మిల్లీమీటర్లకు వచ్చింది. ఆ ఖర్చు న్యాయమే. దాని మీద బేరమాడి నాసిరకం ప్యాడ్లు వేయించుకుంటే శ్రీశైలం యాత్రికుల ప్రాణం మీదకు వస్తుంది.

కూలెంట్ కూడా సరే. ఎయిర్ ఫిల్టర్ కూడా సరే. కంపెనీ ఓనర్ మాన్యువల్‌లో మామూలు రోడ్లకు ఒక లెక్క, దుమ్ము రోడ్లకు ఒక లెక్క ఉంటుంది. మన పల్లె దారులు రెండో లెక్క కిందికే వస్తాయి. అలైన్‌మెంట్ విషయంలో స్టీరింగు వదిలితే బండి ఒక పక్కకు లాగుతోందా, టైరు ఒక అంచున అరుగుతోందా అని చూడాలి. ఆయన బండి లాగుతోంది కాబట్టి అదీ ఒప్పుకున్నాము.

ఇక ఆయిల్. ఆ ఇంజిన్‌కు ఫిల్టర్‌తో కలిపి పట్టేది మూడు లీటర్లకు కాస్త అటూఇటూ. రాసింది 4 లీటర్లు. సీలు విప్పిన డబ్బా కాబట్టి నాలుగుకూ డబ్బు తీసుకోవడం తప్పు కాదు. కానీ మిగిలిన ఆయిల్ డబ్బా మన డిక్కీలో ఉండాలి. లేదు. అంటే నాలుగు వందల దాకా అక్కడే ఆగిపోయింది. ఇది రెండో ప్రశ్న, తూకం ప్రశ్న.

మిగిలిన నాలుగు చూడండి: ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ శానిటైజింగ్, అండర్ బాడీ కోటింగ్. ఈ నాలుగూ మాన్యువల్‌లోని 60,000 కిలోమీటర్ల పట్టికలో లేవు. బండి మొరాయించలేదు, మైలేజీ తగ్గలేదు, ఏసీలో వాసన రాలేదు. సముద్రం పక్కన తిరిగే బండికి కింద కోటింగు వేయిస్తే ఒక అర్థం ఉంది. నల్లమల దారిలో తిరిగేదానికి అంత తొందర ఏమిటి? ఈ నాలుగూ కలిపితే 5,150 రూపాయలు. 12,800లో వందకు నలభై వంతు. రేటు చూస్తే ఒక్కొక్కటీ మామూలు రేటే, ఎవరూ ఎక్కువ వేయలేదు. అయినా ఐదు వేలు పోయాయి. మా అన్న 300 కోసం పోట్లాడింది మాత్రం లేబర్ మీద, అంటే కింద పడుకుని పనిచేసిన వాడి కూలి మీద.

అక్కడ బిల్లు పెంచింది పానా పట్టినవాడు కాదు. కౌంటర్ దగ్గర కూర్చున్న సర్వీస్ అడ్వైజర్‌కు నెలకు ఇంత అమ్మాలని టార్గెట్ ఉంటే అలాగే జరుగుతుంది. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. 1992లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర అధికారులు మామూలు కస్టమర్లలాగా వెళ్ళి పరిశీలించి, సియర్స్ అనే పెద్ద కంపెనీ కారు రిపేరు సెంటర్లు అక్కరలేని రిపేర్లు అంటగడుతున్నాయని ఆరోపించారు. అక్కడి ఉద్యోగులకు అమ్మినదాన్ని బట్టి కమీషన్లు, కోటాలు ఉండేవి. ఆ విధానం తప్పులకు చోటిచ్చిందని కంపెనీ చైర్మన్ ఒప్పుకుని కమీషన్ పద్ధతి ఎత్తివేయవలసి వచ్చింది.

అవసరం ఉందో లేదో తెలిసేదెలా?

బండితో వచ్చే ఓనర్ మాన్యువల్‌ను మనలో చాలామంది సీటు కింద పెట్టి మరచిపోతారు. ఏ కిలోమీటరుకు ఏం మార్చాలో అందులో పట్టికగా ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండికి పుస్తకం లేకపోతే కంపెనీ వెబ్‌సైట్ నుంచి దింపుకోవచ్చు. మారుతి కార్లకు సర్వీసు 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. ఐదు వేలకే రమ్మని ఎవరైనా అంటే కారణం అడగవచ్చు. దుమ్ము, ఎక్కువ లోడు అని చెబితే అది కారణమే. "అందరూ అట్లనే చేయిస్తరు" అంటే అది కారణం కాదు.

ఆయిల్ నల్లబడితే పాడైందని అనుకోకూడదు. ఇంజిన్‌లోని మసిని పట్టుకోవడం ఆయిల్ పని, అందుకే నల్లబడుతుంది. చూడవలసింది తిరిగిన కిలోమీటర్లు, గడిచిన నెలలు, డిప్‌స్టిక్ మీద మట్టం.

కొన్ని పనులు ఆ బండిలో లేని భాగానికే రాస్తారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. ఆ తర్వాత వచ్చిన స్ప్లెండర్‌లో కార్బురేటర్ లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. దానికి కూడా "కార్బురేటర్ క్లీనింగ్" అని రాసిన బిల్లు మేము చూశాము. పాత అలవాటు కొద్దీ రాశాడో, కావాలని రాశాడో చెప్పలేము. అట్లాగే మారుతి స్విఫ్ట్, వ్యాగనార్‌లలో వచ్చిన కె-సిరీస్ ఇంజిన్లకు ఉండేది టైమింగ్ చైన్. ఎవరైనా టైమింగ్ బెల్ట్ మార్చామంటే ఏ బెల్టో చూపించమనాలి.

మోటారు సైకిల్‌కు అన్నిటికన్నా భయపెట్టే మాట "బోరు పోయింది". దానికి నాలుగైదు వేల నుంచి ఖర్చు మొదలవుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందా? ఆయిల్ మట్టం కారకుండానే తగ్గుతోందా? పికప్ పడిపోయిందా? ఇవేవీ లేకుండా చప్పుడు ఒక్కటే ఉంటే టాపెట్లో, టైమింగ్ చైనో అయి ఉండవచ్చు. ఇంజిన్ విప్పకముందే ఇంకో షెడ్డులో చూపించండి. విప్పాక మన చేతిలో ఏమీ ఉండదు.

మోటారు సైకిల్‌కు కారు ఆయిల్ పోస్తే తక్కువలో అవుతుందని కొందరంటారు. చాలా బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో జారుడు ఎక్కువగా ఉంటే క్లచ్ పట్టు తప్పుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూసి పోయించుకోండి. డ్రమ్ములోని లూజు ఆయిల్ వద్దు.

సామాను రేటు, జీఎస్టీ

ప్యాకెట్ మీద ఉండే ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. లీగల్ మెట్రాలజీ కింద 2011లో వచ్చిన ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం దానికి మించి తీసుకోకూడదు. ఎమ్మార్పీ వేసి, దాని మీద మళ్ళీ జీఎస్టీ వేస్తే అది అన్యాయం. బండి విడిభాగాల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను 18 శాతం. అంతకుముందు చాలావాటి మీద 28 శాతం ఉండేది. లేబర్ మీద కూడా రిజిస్టరైన వర్క్‌షాపు 18 శాతం వేయవచ్చు. జీఎస్టీ నంబరు లేనివాడు మాత్రం పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు.

ఆ నంబరు 15 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36. గద్వాలవాళ్ళకు ఇది పనికొస్తుంది. కర్నూలులో చేయిస్తే 37, రాయచూరులో చేయిస్తే 29 ఉంటుంది. అది నిజమైన నంబరో కాదో జీఎస్టీ వెబ్‌సైట్లో కొట్టి చూడవచ్చు.

కర్నూలులో తక్కువ అని గద్వాల నుంచి పోయేవాళ్ళు పోనూరానూ వంద కిలోమీటర్ల పైమాటే అని గుర్తుంచుకోవాలి. కారైతే పెట్రోలుకే ఏడెనిమిది వందలు, ఒక రోజు కిరాయి అదనం. ఆ లెక్క వేశాక కూడా తక్కువైతేనే పోవాలి.

ఎమ్మార్పీ కన్నా తక్కువకు మెకానిక్‌కు సామాను దొరుకుతుంది. ఆ తేడా అతను ఉంచుకుంటాడు. ఇది మోసం కాదని మా అభిప్రాయం. సామాను తెచ్చేది అతనే, తప్పు సైజు వస్తే తిరిగి ఇచ్చేదీ అతనే. మీరే దుకాణంలో కొని తెచ్చిస్తే అతను లేబర్ కొంచెం పెంచుతాడు. అదీ సబబే. అన్యాయం ఎక్కడంటే, లోకల్ సామాను వేసి ఒరిజినల్ రేటు వేయడం. అందుకే ఖాళీ ప్యాకెట్, పాత సామాను రెండూ చేతికి తీసుకోవాలి. ఒరిజినల్ అంటే బండి కంపెనీ ముద్ర ఒక్కటే కాదు. బాష్ వంటి తయారీదార్లు సొంత పేరుతో అమ్మే సామాను కూడా మంచిదే. మన పెద్ద ఉస్తాద్‌లు ఇప్పటికీ "మైకో ప్లగ్గు" అనే అంటారు. ఆ మైకో కంపెనీ పేరే 2008లో బాష్‌గా మారింది.

బ్యాటరీ మారిస్తే పాతదాని విలువ బిల్లులో తగ్గించారో లేదో చూడండి. అందులోని సీసానికి ధర ఉంటుంది.

మెకానిక్ గంటకు ఎంత?

ఇక్కడ మన మెకానిక్ అన్నల తరఫున కూడా లెక్క వేయాలి. ఈ అంకెలు అర్థం కావడానికి మేము వేసుకున్నవి, ఊరిని బట్టి మార్చుకోండి. షెడ్డు కిరాయి 4,000, హెల్పర్ జీతం 9,000, కరెంటు 1,000, పానాలు, గాలి మిషను మరమ్మతు 1,000 అనుకుందాం. మొత్తం 15,000. ఇంటికి 20,000 అయినా తీసుకుపోవాలి కదా. నెలకు 35,000. 26 పని దినాలకు పంచితే రోజుకు 1,346. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా షెడ్డులో ఉన్నా, డబ్బు వచ్చే పని ఐదు గంటలే ఉంటుంది. మిగతా సమయం సామాను కోసం తిరగడం, గిరాకీ కోసం చూడడం, "జర బ్రేకు టైట్ చెయ్యి అన్నా" అని వచ్చేవాళ్ళకు ఊరికే చేసిపెట్టడం. అంటే గంటకు దగ్గర దగ్గర 270 రూపాయలు.

ఇప్పుడు మోటారు సైకిల్ జనరల్ సర్వీసు చూడండి. నీళ్ళతో కడగాలి, ఆయిల్ మార్చాలి, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు శుభ్రం చేయాలి, రెండు చక్రాలు విప్పి బ్రేకులు సాఫు చేయాలి, చైను బిగించి ఆయిల్ పెట్టాలి, కేబుళ్ళు చూడాలి. సరిగ్గా చేస్తే గంటన్నర, రెండు గంటల పని. లేబర్ 400 అడిగితే అది ఎక్కువ కాదు. 150కే చేస్తానంటే అడగవలసింది వేరు: ఇందులో ఏది చేయకుండా వదిలేస్తున్నావని. ఇరవై నిమిషాల్లో ఆయిల్ మార్చి బండి తుడిచి ఇచ్చి 400 తీసుకుంటే అదీ న్యాయం కాదు. లేబర్‌ను గంటలతో కొలవాలి, బండి రేటుతో కాదు.

జాతీయ రహదారి 44 మీద పెబ్బేరు దగ్గరో, ఎర్రవల్లి చౌరస్తా దగ్గరో రాత్రి పదకొండుకు బండి ఆగితే మెకానిక్ ఎక్కువ అడుగుతాడు. నిద్ర లేచి వచ్చినవాడికి ఎక్కువ ఇవ్వడం ధర్మం. ఎంతన్నది పానా ముట్టకముందు మాట్లాడుకుంటే చాలు.

పెద్ద వర్క్‌షాపులో లేబర్ ఎందుకు ఎక్కువ అంటే స్కానర్లు, శిక్షణ, పని మీద గ్యారంటీ ఉంటాయి. వారంటీలో ఉన్న బండిని, లైటు వెలిగి కారణం తెలియని బీఎస్-6 కారును అక్కడికే తీసుకుపోవడం మేలు. ఆయిల్, ప్యాడ్లు, ఫిల్టర్ల వంటి పనికి వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో నమ్మకమైన ఉస్తాద్ చాలు.

ఎలా అడగాలి?

మనకు అడగడానికి మొహమాటం. ఇంగ్లీషులో రాసిన బిల్లు, అద్దాల గది, టై కట్టుకున్న మనిషి ఎదుట మరీ ఎక్కువ. అందుకే మాటలు ముందే పెట్టుకుందాం. బండి ఇచ్చేటప్పుడు: "ఉస్తాద్, ఏమేం చేయాల్నో, ఎంతయితదో ఒక కాగితం మీద రాసియ్యండి. దానికంటే ఎక్కువ పని కనబడితే ఫోన్ చేయండి, నేను సరే అన్నంకనే చేయండి." తీసుకునేటప్పుడు: "పాత సామాను, మిగిలిన ఆయిలు నాకియ్యండి అన్నా." వర్క్‌షాపులో అయితే: "ఈ పని మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందో చూపించండి సార్." గొంతు పెంచనక్కరలేదు. నిజాయితీ గల మెకానిక్ ఈ మాటలకు నొచ్చుకోడు. మా మెకానిక్ మిత్రులే ఈ మాటలు రాయమన్నారు. ముందే రాసిస్తే చివర్లో వాళ్ళకూ తగాదా తప్పుతుంది.

చిన్న షెడ్డులో కచ్చా బిల్లు అయినా సరే, తేదీ, కిలోమీటర్లు, మార్చిన సామాను రాయించుకుని ఒక నోటుపుస్తకంలో అంటించండి. వచ్చేసారి "ప్లగ్గు మార్చాలి" అంటే మొన్ననే మార్చారో లేదో ఆ పుస్తకమే చెబుతుంది.

అన్నీ అడిగాక కూడా అన్యాయం జరిగితే ముందు ఆ మెకానిక్ దగ్గరికే పోండి, సగం తగాదాలు అక్కడే తీరతాయి. తీరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం వర్క్‌షాపు హైదరాబాదులో ఉన్నా, మీరు నివసించే చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. కావలసింది పక్కా బిల్లు, బండి ఇచ్చినప్పటి జాబ్ కార్డు, పాత సామాను ఫొటో. ఈ మూడూ బండి తీసుకున్న రోజే దాచిపెట్టుకోవాలి.